రెక్కల లెక్క

ముత్యంపేట ఊరి చెరకు, పసుపు చేలు దాటి గోదావరి అవతలికి పోతే కవ్వాల్ అడవి. 2012లో టైగర్ రిజర్వ్ అయింది. పులిని లెక్కపెట్టడానికి చెట్టుకు కెమెరా కడతారు. సీతాకోకచిలుకను లెక్కపెట్టాలంటే కాళ్లే దిక్కు.

ఈ నడక లెక్కను 1970లలో ఇంగ్లండులో ఎర్నెస్ట్ పొలార్డ్ కుదిర్చాడు. ప్రతిసారీ అదే బాట, అదే నిదానం. ముందుకు అయిదు మీటర్లు, అటూ ఇటూ రెండున్నర. ఆ గీత అవతల ఎగిరింది ఎంత ముద్దొచ్చినా లెక్కలో లేదు. ఆ నిగ్రహానికే నేను దండం పెడతాను.

లెక్క నడక ముగిశాక, లెక్కించేవాడి అసలు పనితనం మొక్కల దగ్గర. జిల్లేడు కనబడితే ప్లెయిన్ టైగర్ గొంగళి కోసం, రేగు పొద కనబడితే కామన్ పియరో కోసం ఆకు తిప్పి చూడనిదే అడుగు కదలదు.

నరికిన అడవి మాత్రం మోసం చేస్తుంది. ఎండ తగిలి గడ్డి లేవగానే పసుపు రెక్కలు ముసురుతాయి, లెక్క పెరుగుతుంది. నీడను నమ్ముకున్నవి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి. అందుకే తెలిసినవాడు ఎన్ని అనేదానికన్నా ముందు ఏవి అని రాసుకుంటాడు.

ఈసారి బతుకమ్మకు తంగేడు పువ్వు కోసేటప్పుడు, ఆకు కింద కూడా ఒకసారి చూడండి.