బండి మీద చైనా

ఆదోనిలో పొద్దున ఉగ్గాని బజ్జి, సాయంత్రం గోబి మంచూరియా. ఎమ్మిగనూరులోనూ అంతే. బయట చదువుకుని వచ్చిన పిల్లలు ‘అది చైనా వంటే కాదు’ అని ఎగతాళి చేస్తుంటారు. కాదు, నిజమే. మంచూరియా అనే ప్రాంతం చైనాకు ఈశాన్యాన ఉంది గానీ, అక్కడివాళ్లకు ఈ కూర తెలియదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దీన్ని చికెన్‌తో మొదలుపెట్టాడంటారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన కూరకు వేసినట్టే వేసి, గరం మసాలా పడాల్సిన చోట సోయాసాస్ పోశాడు. చికెన్ తిననివాళ్ల కోసం తర్వాత గోబిపువ్వు వచ్చి చేరింది.

అమెరికావాళ్లూ ఇదే పని చేశారు, కాకపోతే తీపి వైపు. హునాన్‌లో పుట్టి తైవాన్ చేరిన పెంగ్ చాంగ్ క్వెయ్ ‘జనరల్ త్సో చికెన్’ను తీపి లేకుండానే వండాడు. న్యూయార్క్ వెళ్లాక దానికి చక్కెర పట్టింది.

మరి మన బండి మీద చైనా ఏం మిగిలిందయ్యా అంటే, మంట. ఫ్రైడ్ రైస్ చేస్తుంటే నిలబడి చూడండి. ముందే వండి ఆరబోసిన అన్నం, మెతుకుకు మెతుకు అంటకుండా ఉంటుంది. బర్నర్ హోరులో పక్కవాడి మాట వినబడదు. ఇనుప బాణలి పొగలు కక్కాకే నూనె, వెల్లుల్లి, క్యాబేజీ, ఆ వెనకే అన్నం. చేయి తిరిగినవాడు సాస్‌ను అన్నం మీద పోయడు, బాణలి అంచున పోస్తాడు. అది సుయ్యిమని కాలి, ఆ పొగ వాసన అన్నానికి పడుతుంది. కాంటన్ వంటవాళ్లు ప్రాణం పెట్టేది ఈ వాసనకే. మంట చాలకపోతే క్యాబేజీ నీరు వదిలి అన్నం ముద్దవుతుంది, దాన్ని కప్పిపుచ్చడానికి సాస్ ఇంకో రెండు గరిటెలు పడుతుంది. నేను బండిని ఎంచుకునేది ఆ క్యాబేజీని చూసే. కరకరలాడితే సరే, లేదంటే మిర్చి బజ్జీ తిని ఇంటికి పోతాను.

మంచూరియాకు కలిపే ఎర్రరంగు విషయంలో మాత్రం నాకు ఓపిక లేదు. పక్కనే ఉన్న కర్ణాటక 2024 మార్చిలో గోబి మంచూరియాలో కృత్రిమ రంగులు వాడొద్దని నిషేధం పెట్టింది. మన చేలల్లో పండే బ్యాడిగి మిరపను నానబెట్టి నూరితే కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. రంగు పొడి కన్నా ఎక్కువ ఖర్చవుతుంది, కాదనను. ప్లేటుకు ఐదు రూపాయలు ఎక్కువ అడిగినా ఇస్తాను.