ఒక్కవైపే తెరుచుకునే దర్వాజా

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టుకి మతం లేదు. ఒకే సైరన్‌కి లోపలికి పోతాం. పక్కపక్కనే కూర్చొని టిఫిన్ డబ్బాలు విప్పుతాం. నక్కవాగు కంపు అందరం ఒకే తీరుగా పీలుస్తాం. సంగారెడ్డి బస్సు దిగాకే ఎవరి బస్తీ వాళ్లది. చెమట కలిసిన చోట నెత్తురెందుకు కలవదు? ఇలా అడిగితే సెక్యులర్ మిత్రులు మాకు సినిమాలు చూపిస్తారు.

సరే, చూద్దాం. 1995లో 'బొంబాయి' వచ్చింది. శేఖర్ హిందువు, షైలాబాను ముస్లిం. 2022 ఆగస్టులో 'సీతారామం' వచ్చింది. రామ్ హిందువు, నూర్జహాన్ ముస్లిం. 27 ఏళ్లలో ప్రేమ నడిచే దారి మారలేదు. పైగా నూర్జహాన్ ప్రేమలేఖ రాయాలన్నా సీతామహాలక్ష్మి పేరుతోనే రాయాలి! మా పిల్ల వాళ్లింటికి పోతే మతసామరస్యం. వాళ్ల పిల్ల మా ఇంటికొస్తే 'లవ్ జిహాద్'. ఆ మాటకు చట్టంలో నిర్వచనమే లేదని 2020 ఫిబ్రవరిలో లోక్‌సభకు చెప్పింది అప్పటి హోంశాఖ సహాయమంత్రి, మన సికింద్రాబాద్ ఎంపీ కిషన్‌రెడ్డే. అయినా ఆ మాట చావలేదు.

వేలు బయటికే చూపి ఊరుకుంటే మేం రచయితలం కాం. అదే 2022 మే నెలలో సరూర్‌నగర్ నడిరోడ్డు మీద ఒక దళిత యువకుణ్ణి చంపారు. ముస్లిం అమ్మాయిని పెళ్లాడటమే అతని నేరం. అరెస్టయింది ఆమె అన్న, మరో బంధువు. మాలో కులం లేదని చెప్పుకునే మా గొప్ప ఆ రోడ్డు మీదే కూలింది. 2020 సెప్టెంబరులో కులాంతర వివాహం చేసుకున్న హైదరాబాద్ యువకుడి శవం దొరికింది మా సంగారెడ్డి జిల్లాలోనే. అక్కడ రెండు వైపులా హిందువులే. మతం ఏదైనా ఆడపిల్ల ఖాందాన్ ఆస్తే అన్నమాట!

అమెరికాలో 16 రాష్ట్రాలు నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య పెళ్లిని నిషేధిస్తే, అక్కడి సుప్రీంకోర్టు 1967లో ఆ చట్టాల్ని కొట్టేసింది. మతం మారకుండా పెళ్లాడే హక్కు మనకు 1954 ప్రత్యేక వివాహ చట్టంలోనే ఉంది. కాని 30 రోజుల ముందు నోటీసు అంటించాలి. ఇల్లు విడిచొచ్చిన జంటకు ఆ 30 రోజులు కాపలా ఎవరు?

అందుకే కథలు రాసే మిత్రులకు, మాక్కూడా, ఒకటే ప్రశ్న. పెళ్లయ్యాక ఆ పిల్ల తన పేరుతోనే పండక్కి పుట్టింటికి రాగలదా? నూర్జహాన్ నూర్జహాన్‌గానే బతికే కథ మీరు రాయండి. దళిత అల్లుడికి మా దస్తర్‌ఖాన్ దగ్గర జాగా ఇచ్చే కథ మేం రాస్తాం. రాయడమే కాదు, ముందు జాగా ఇవ్వాలి.