మానవతావాదము - వేమన పాఠము

వేమనను మానవతావాది యనుట మన విమర్శలో పరిపాటి యైనది. కులభేదమును నిరసించెను, డాంబికభక్తిని ఎత్తిపొడిచెను; కావున మానవతావాది యని వాదము. దీనిని కాదనుట మా యుద్దేశము కాదు. అయినను ఇటలీదేశపు సాంస్కృతిక పునరుజ్జీవనముతో ఆయనను పోల్చునపుడు ఆ మాట పుట్టుకను మరువరాదు.

పదునైదవ శతాబ్ది చివర ఇటలీ విద్యార్థులు 'ఉమనిస్తా' యని పిలిచినది మానవప్రేమికుని కాదు. వ్యాకరణము, వక్తృత్వము, కవిత్వము, చరిత్ర, నీతిశాస్త్రము బోధించు ఉపాధ్యాయుని. 'హ్యూమనిజం' అను పేరు 1808లో జర్మనీలో నీథామర్ ప్రచారమునకు తెచ్చినది. ప్రాచీన గ్రంథముల ప్రతులను వెదకి సరిచూచుటయే ఆ విద్యలకు పునాది. పెట్రార్కు 1345లో వెరోనా నగరమున సిసెరో లేఖలను కనుగొనెను. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పోపునకు రాజ్యాధికారమిచ్చెనను దానపత్రము కూటసృష్టి యని 1440లో లోరెంజో వల్లా చూపెను. నాల్గవ శతాబ్దిదనబడిన ఆ పత్రములో అనంతరకాలపు మాటలున్నవి. వ్యాకరణజ్ఞానము అధికారమును నిలదీయగలుగుట ఇచ్చట కన్పట్టును.

మన దత్తమండలములలో దీనికి సరిపోలునది వేమన కంటె వేమన పాఠచరిత్రయే. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను వ్రాతప్రతులు సేకరించి, పండితుల సాయమున పరిశీలించి, 1829లో 693 పద్యములు, 1839లో 1164 పద్యములు ప్రకటించెను. పదేండ్లలో 471 పద్యములు పెరిగినవి! మకుటము తగిలించినచో ఎవరి పద్యమైనను వేమనదగును గదా.

పెట్రార్కునకు సిసెరో తన పూర్వుడు. బ్రౌనునకు వేమన పరభాషాకవి. ఆ లోటు తీరినది 1928లో, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురమున వేమనపై చేసిన ఉపన్యాసములతో. ఈ జిల్లావారే యైన శర్మగారు సంస్కృత ప్రాకృతములలో ఆరితేరినవారు. పండితులు చాలకాలము చులకనచేసిన కవిని ఆ పాండిత్యముతోనే తూచిరి. 1929లో వెలువడిన ఆ గ్రంథమును మించిన వేమన విమర్శ మా యెరుకలో లేదు.

అయినను పాఠసమస్య మిగిలియే యున్నది. కులనిరసన పద్యమును వేమనదే యని నిస్సందేహముగా గ్రహించు విమర్శకులు స్త్రీనింద గల పద్యము రాగానే ప్రక్షిప్తమని త్రోసివేయుచున్నారు. రెండింటికిని ఆధారమొక్కటే, మకుటము. ఇది వల్లా మార్గము కాదు. పొగాకు పోర్చుగీసువారి రాకకు పిమ్మట వచ్చినది. అట్టి మాటలున్న పద్యములను ఏరి కాలక్రమమున పరీక్షింపవచ్చును. బ్రౌను కూర్చిన వ్రాతప్రతులు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున గలవు. ఏ పద్యము ఎన్ని ప్రతులలో నున్నదో చూపు పట్టిక సిద్ధమగువరకు, కులనిరసన పద్యములను, స్త్రీనింద పద్యములను ఒక్క తక్కెడలోనే తూచవలెనని పరిశోధకులకు మా మనవి.