ఎవరి ఊరు? ఎవరి బెంగ?

తెలుగు సాహిత్య విమర్శలో ఒక మాట ఏ చర్చా లేకుండానే చెల్లుబాటవుతూ వస్తోంది. సొంతూరి మీద మమకారం మనిషన్నవాడికి సహజం అనే మాట. కవి పట్నం పోతాడు. ఊరు గుర్తొస్తుంది. చెరువుగట్టు, రావిచెట్టు, గుడిగంట, రచ్చబండ వరసగా వచ్చేస్తాయి. విమర్శకుడు దాన్ని 'నేటివిటీ' అని మెచ్చుకుంటాడు. మేం అడిగేది ఒక్కటే. ఆ చెరువులో ఏ రేవున ఎవరు నీళ్లు ముంచుకున్నారు? ఆ రచ్చబండ మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు కింద నిలబడ్డారు?

మన భాషే దీనికి సాక్ష్యం. కోస్తాలో మాలపల్లె, మాదిగగూడెం అంటారు. తెలంగాణలో వాడ అంటారు. సీమలో గేరి అంటారు. ఆ పల్లెలో పుట్టి పెరిగిన మనిషి దుకాణానికి బయల్దేరుతూ 'ఊళ్లోకి పోయొస్తా' అంటాడు. రెవెన్యూ రికార్డు ప్రకారం ఆయన ఉన్నది ఊళ్లోనే. ఆయన కాళ్లకు మాత్రం ఊరు ఇంకా అవతల ఉందని తెలుసు. ఎక్కడ చెప్పులు విడిచి చేతబట్టుకోవాలో, ఏ అరుగు ముందు గొంతు తగ్గించాలో తరతరాలుగా పిల్లలకు నేర్పుకుంటూ వచ్చారు. ఈ జంకూ ఈ సిగ్గూ ఆయన స్వభావం అనుకుంటే పొరపాటు. వీధికున్న కట్టుబాటే ఆయన ఒంట్లోకి దిగింది.

భూగోళ శాస్త్రవేత్త యీ-ఫు తువాన్ 1974లో 'టోపోఫీలియా' అనే పుస్తకం రాశాడు. మనిషికీ చోటుకీ మధ్య ఏర్పడే అనురాగానికి ఆయన వాడిన పేరది. పనికొచ్చే మాటే. అయితే మన ఊళ్ల దగ్గరికొచ్చేసరికి ఇంకో ప్రశ్న జోడించక తప్పదు. ఆ చోట్లో అడుగుపెట్టే హక్కు ఎవరిది? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్, గ్రామాన్ని ఆకాశానికెత్తేవాళ్లను నిలదీసింది ఈ తేడా ఎరిగే.

జాషువా 'గబ్బిలం' (1941)ను ఈ వైపు నుంచి మళ్లీ చదవాలి. మేఘసందేశం తోవలో వచ్చిన సందేశకావ్యం అని పాఠాల్లో చెప్పి వదిలేస్తుంటారు. తేడా చూడండి. యక్షుడి బాధ విరహం. ఆయన్ని ఇంటికి దూరంగా పంపారు, గడువు తీరితే ఇల్లు చేరతాడు. జాషువా కథానాయకుణ్ని ఎవరూ ఎక్కడికీ వెళ్లగొట్టలేదు. ఆయన తన ఇంట్లోనే ఉన్నాడు. అయినా శివుడికి మొర చెప్పుకోవాలంటే గుడి గడప దాటలేడు. దాటగలిగిన గబ్బిలాన్ని బతిమాలుకోవాలి. మైళ్లతో కొలిచే దూరాన్ని జాషువా గడపతో కొలిచాడు. ఆయనకు తీరే గడువంటూ లేదు.

ఇంకొకటి కూడా గమనించాలి. గబ్బిలానికి తోవ చెబుతూ ఆయన ఈ నేలనూ, దాని చరిత్రనూ ఎంత గర్వంగా చూపిస్తాడు! నేల మీద ప్రేమ ఆయనకేం తక్కువ కాదు. ఆ ప్రేమకు నేల నుంచి బదులే లేదు. దళిత కవిత్వమంతా ఆక్రోశమేనని తేల్చేసే విమర్శకులకు ఈ ప్రేమ ఎందుకు కనిపించదు? ప్రేమ ఉంది గనకే అవమానం అంత లోతుగా దిగింది.

పుస్తకాల్లోంచి బయటికొద్దాం. కారంచేడు గొడవ దళితులు తాగే చెరువు దగ్గర మొదలైంది. నీళ్లు పాడు చేయొద్దని ఒక దళిత స్త్రీ అడ్డుచెప్పింది. మర్నాడు, 1985 జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి, తిరిగి ఊరికి పోమన్నారు. సొంతూరి మమకారం అందరికీ సహజమైతే ఈ నిరాకరణకు అర్థమేంటి? చుండూరు వెనక సినిమాహాల్లో కాలు తగిలిన గొడవ ఉంది. డబ్బు పెట్టి టికెట్ కొన్నచోట కూడా కాలు ఎంతవరకు చాపాలో కులమే చెప్పింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. వాళ్లను ఊళ్లోనే పూడ్చి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. ఒకచోట దళితులు ఊరిని వదిలేశారు. ఇంకోచోట తమ దుఃఖాన్ని ఊరిలోపలే పాతారు. 'ఊరి మీద బెంగ' అనే మాటలో ఈ రెండూ ఇమడవు.

దళిత విమర్శకు కూడా ఒక మాట చెప్పాలి. అవమానం జరిగిన చోట్లనే లెక్కపెట్టుకుంటూ పోతే పల్లె బోసిపోతుంది. డప్పు కాచుకునే మంట, చర్చి పందిట్లో క్రిస్మస్ పాటలు, రాత్రి నులకమంచాల మీద కబుర్లు, ఇవన్నీ చోటును అంటిపెట్టుకున్న అనుభూతులే. ఇవి మన సాహిత్యంలోకి ఇంకా రావాలి. ఆడవాళ్ల పటం మళ్లీ వేరు. మగాడు పాటలో తలుచుకునే పొలంగట్టు, కూలికి పోయే ఆడమనిషికి ఆసామి కన్ను తప్పించుకోవాల్సిన చోటు. మాలపల్లెకీ మాదిగగూడేనికీ మధ్య ఉన్న గీతనూ దాచిపెట్టకూడదు. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఆ గీత సంగతి బయటపెట్టింది.

మా ఇళ్లలో యూనివర్సిటీ గేటు దాటిన మొదటివాళ్లం మేం. గేటు దాటితే ఊరి పటం చెరిగిపోతుందని పెద్దవాళ్లు ఆశపడ్డారు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టిన ఐదుగురు పరిశోధక విద్యార్థులు ఆరుబయట వేసుకున్న మకాంకి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల ఆ నెల 17న ప్రాణం తీసుకున్నాడు. ఊరి చివర ఉండాల్సిన మాటను లైబ్రరీలున్న చోట నిలబెట్టి, చోటు మారినా కట్టుబాటు మారలేదని లోకానికి చూపించారు.

పల్లె అందాల పాఠం చెప్పే టీచర్లను మేం కోరేది చిన్న పని. పిల్లల్ని ఇంటి నుంచి బడికొచ్చే తోవ గీయమనండి. ఎక్కడ పరిగెత్తుతారో, ఎక్కడ తలొంచుకుని నడుస్తారో, ఏ వీధి తప్పించుకుని చుట్టూ తిరిగొస్తారో గుర్తుపెట్టమనండి. ఆ పటాలు పక్కపక్కన పెట్టుకుని అప్పుడు ఆ పద్యం చదవండి. 'మా ఊరు' అనే మాటలో ఆ 'మా' ఎవరెవరో పిల్లలే చెబుతారు.