గీసిన ఊరు, తుడిచిన జనం

పోలండ్ తూర్పు అంచున, ఉక్రెయిన్ సరిహద్దుకు దగ్గర్లో, జమోష్చ్ అని ఒక చిన్న పట్టణం ఉంది. పాత పట్టణం మొత్తం పొడవు సుమారు 600 మీటర్లు, వెడల్పు 400 మీటర్లు. తీరిగ్గా నడిచినా ఈ కొస నుంచి ఆ కొసకు పది నిమిషాల్లో చేరుకోవచ్చు. అయినా నగర ప్రణాళిక చదువుకున్నవాళ్లు ఈ పేరు వింటే ఓ క్షణం ఆగుతారు. పల్లెగా మొదలై పెరిగి పట్టణమైన చోటు కాదిది. ముందు కాగితం మీద పుట్టి ఆ తర్వాత నేల మీద లేచింది. 1580లో గీసిన గీతలే ఇవాళ్టికీ అక్కడ వీధులు.

ఆ గీతలు గీయించినవాడు యాన్ జమోయ్‌స్కీ. పోలండ్–లిథువేనియా ఉమ్మడి రాజ్యానికి ఛాన్సలర్, ఆపైన సర్వసేనాని. వయసులో ఉండగా ఇటలీలోని పాడువాలో న్యాయశాస్త్రం చదివి, అక్కడి విశ్వవిద్యాలయంలో రెక్టర్‌గా కూడా ఎన్నికైనవాడు. గీసింది బెర్నార్డో మొరాందో. ఆయనదీ పాడువాయే. 1578లో ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. రెండేళ్లలో పట్టణ స్థాపన శాసనం వెలువడింది. మన చార్మినార్ లేవడానికి పదకొండేళ్ల ముందు సంగతి ఇది.

మొరాందో వచ్చి కట్టేసి వెళ్లిపోలేదు. ఆ ఊళ్లోనే ఇల్లు కట్టుకున్నాడు, ఆ పట్టణానికి మేయర్ అయ్యాడు, 1600లో చనిపోయేదాకా ఆ పనిలోనే గడిపాడు. పట్టణాన్ని గీసినవాడు అదే పట్టణంలో బురద తొక్కుతూ, ఇరుగుపొరుగు ఫిర్యాదులు వింటూ బతకడం అరుదు. జమోష్చ్‌లో నడుస్తున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

ప్రణాళిక చూడటానికి చాలా తేలిక. తూర్పు పడమరలుగా గ్రోత్స్కా వీధి. దాని పడమటి చివర జమోయ్‌స్కీ భవంతి, తూర్పు చివర కోట బురుజు. ఆ వీధికి అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా వరసలో మూడు సంత మైదానాలు: ఉప్పు సంత, పెద్ద సంత, నీటి సంత. నడిమిది నూరు మీటర్ల చదరం. మిగతా రెండూ అంతకంటే చిన్నవి. ఈ అమరికను కొందరు చరిత్రకారులు మనిషి ఒడలితో పోల్చి చెబుతారు. భవంతి తల, గ్రోత్స్కా వీధి వెన్నెముక, సంతలు పొట్ట, బురుజులు కాళ్లూ చేతులూ. ఇటలీలో ఆనాడు ఆదర్శ నగరాల గురించి పుస్తకాలు రాసినవాళ్లకు ఇలాంటి ఊహలంటే మక్కువ. వాళ్లలో ఎక్కువమంది ఊహలు పుస్తకాల్లోనే మిగిలిపోయాయి. మొరాందో ఊహకు మాత్రం స్థలమూ డబ్బూ దొరికాయి.

అసలు పనితనం అయితే ఆ పోలికలో లేదు, చిన్న చిన్న నిర్ణయాల్లో ఉంది. పెద్ద సంతలో టౌన్‌హాల్ ఎక్కడుందో చూడాలి. పోలండ్‌లోని చాలా పాత పట్టణాల్లో అది మైదానం నడిబొడ్డున ఉంటుంది. ఇక్కడ ఉత్తరపు వరసలోకి జరిగిపోయింది. నడిమధ్య నిలబడితే దొర భవంతికి పోటీ అవుతుందని అలా పెట్టారంటారు. కారణం ఏదైనా ఫలితం మాత్రం మంచిదే అయింది. మైదానం ఖాళీగా, విశాలంగా జనానికి మిగిలింది. టౌన్‌హాల్ గోపురం ఎత్తు 52 మీటర్లు. దాని ముందు విసనకర్రలా విచ్చుకున్న మెట్లు మొరాందోవి కావు, 18వ శతాబ్దంలో వచ్చి చేరాయి. ఇప్పుడు ఫొటోల్లో ముందు కనిపించేవి అవే.

మరో నిర్ణయం వసారా. మైదానం నాలుగు వైపులా ఇళ్ల కింది అంతస్తు కమానుల వెనక్కి జరిగి, పొడవాటి వసారాగా మారింది. ఇటలీలో అది ఎండకు నీడ. పోలండ్‌లో వానకూ మంచుకూ అడ్డు. సొంత ఇంటి ముందు భాగాన్ని బాటసారికి వదిలిపెట్టడం అంటే మాటలు కాదు. ప్రతి గృహస్థూ అలా వదిలాడు కాబట్టే జనవరిలో కూడా తల తడవకుండా చౌక్ చుట్టూ తిరగవచ్చు. కొత్త పట్టణాలు గీసేవాళ్లు నేర్చుకోవలసిన పాఠం ఈ వసారాలోనే ఎక్కువగా ఉందనిపిస్తుంది. మనిషి నడిచి వెళ్లే దారిని ముందు గీసి, ఆ తర్వాత గోడను గీయడం.

గోడలు లేచినంత మాత్రాన పట్టణం కాదు. అందులోకి మనుషులు రావాలి. జమోయ్‌స్కీ ఆ సంగతి బాగా తెలిసినవాడు. నల్ల సముద్రం వైపు నుంచి ఉత్తర, పశ్చిమ యూరప్‌లకు వెళ్లే వర్తక మార్గం ఆ పక్కనే సాగుతుంది. ఆ మార్గం మీద నడిచేవాళ్లను పిలిచి కూర్చోబెట్టాడు. 1585లో ఆర్మేనియన్లకు, 1588లో స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదులకు, 1589లో గ్రీకులకు హక్కు పత్రాలు రాసిచ్చాడు. ఇల్లు కట్టుకోవచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, తమ దేవుణ్ణి తమ పద్ధతిలో కొలుచుకోవచ్చు. ఆ శతాబ్దంలోనే స్పెయిన్, పోర్చుగల్ రాజ్యాల్లో యూదుగా బతకడం నేరం. జమోష్చ్‌లో వాళ్ల ప్రార్థనా మందిరానికి ప్రణాళికలోనే చోటు దొరికింది.

ఇదంతా కేవలం దయ కాదు. వర్తకులు వస్తే పన్నులొస్తాయి, పట్టణం నిలుస్తుంది. పైగా పట్టణంలో వర్తకుడికి దొరికిన స్వేచ్ఛ, జమోయ్‌స్కీ ఎస్టేటు పొలాల్లో వెట్టి చేసే రైతుకు దొరకలేదు. ఆ నిజాన్ని పక్కన పెట్టకుండానే ఒక మాట చెప్పుకోవచ్చు. లాభం కోసమే అయినా, వేరు వేరు నమ్మకాల మనుషుల్ని ఒకే చౌక్ చుట్టూ ఇరుగుపొరుగులుగా కూర్చోబెట్టిన ప్రణాళిక అది. పెద్ద సంత ఉత్తరపు వరసలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో నిలబడ్డ ఆర్మేనియన్ల ఇళ్లు అందుకు సాక్ష్యం. ఒక ఇంటి గోడ మీద గాబ్రియేలు దేవదూత బొమ్మ ఉంటుంది. ఇప్పుడు ఆ ఇళ్లలో మ్యూజియం ఉంది. ఆర్మేనియన్ల చర్చి మాత్రం 19వ శతాబ్దంలో కూలగొట్టడంతో లేకుండా పోయింది.

1594లో జమోయ్‌స్కీ అక్కడ అకాడమీ పెట్టాడు. రాజధాని కాని, రాజుది కాని ఒక సొంత పట్టణంలో విశ్వవిద్యాలయం! అది 1784 దాకా నడిచింది. జమోయ్‌స్కీ 1605లో కన్నుమూశాడు.

కోట గోడల పనితనానికి పరీక్షలు తర్వాత వచ్చాయి. 1648లో కొసాక్కుల నాయకుడు ఖ్మెల్నిత్స్కీ తన సేనతో చుట్టుముట్టాడు. 1656లో స్వీడన్ రాజు పదవ చార్లెస్ సైన్యంతో వచ్చాడు. ఇద్దరికీ పట్టణం లొంగలేదు. ఆ గోడలకు సంబంధించి స్థానికులు ఇష్టంగా చెప్పుకునే కథ ఒకటుంది. 1588లో బిచినా యుద్ధంలో జమోయ్‌స్కీ చేతికి చిక్కిన ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమీలియన్‌ను లుబ్లిన్ ద్వారం గుండా లోపలికి తెచ్చారట. ఆయన తర్వాత ఇంకెవరూ ఆ దారిన రాకూడదని ద్వారాన్ని ఇటుకలతో మూసేశారట. మధ్యాహ్నం టౌన్‌హాల్ గోపురం మీంచి ఊదే బూర కూడా మూడు దిక్కులకే వినిపిస్తుంది. నాలుగోది క్రాకోవ్ దిక్కు. ఆ నగరంతో జమోయ్‌స్కీకి పడేది కాదని అటు ఊదరు.

19వ శతాబ్దంలో ఈ ప్రాంతం రష్యన్ జార్ల ఏలుబడి కిందికి పోయింది, పట్టణం సైనిక స్థావరంగా మారింది. 1821లో జమోయ్‌స్కీ వంశం చేతి నుంచి ప్రభుత్వం చేతికి పోయింది. ఇళ్ల నెత్తిన ఉన్న అలంకారపు పిట్టగోడల్ని తీసేశారు. ఆర్మేనియన్ ఇళ్ల మీద ఇవాళ కనిపించేవి 20వ శతాబ్దంలో మళ్లీ కట్టినవి. జమోయ్‌స్కీ భవంతి ఆస్పత్రిగా, తర్వాత కోర్టుగా రూపు మార్చుకుంది. 1866లో కోటనే రద్దు చేసి గోడలు కూల్చడం మొదలుపెట్టారు.

ఆ 19వ శతాబ్దంలోనే ఈ చిన్న పట్టణం ఇద్దర్ని ప్రపంచానికి ఇచ్చింది. ఆధునిక యిద్దిష్ సాహిత్యానికి పునాది వేసినవాళ్లలో ఒకరైన ఐ.ఎల్. పెరెత్స్ 1852లో ఇక్కడ పుట్టాడు. కొన్నేళ్లు ఇక్కడే వకీలుగా పనిచేశాడు కూడా. 1871లో మార్క్సిస్టు విప్లవకారిణి రోజా లక్సెంబర్గ్ పుట్టింది. తెలుగునాట వామపక్ష ఉద్యమం గురించి చదివిన ఎవరికైనా ఆమె పేరు కొత్త కాదు. ఆమె పుట్టిన ఊరు ఇదని మాత్రం కొద్దిమందికే తెలుసు. ఇద్దరూ యూదులే. జమోయ్‌స్కీ రాసిచ్చిన హక్కు పత్రానికి దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత అదే పట్టణంలో పుట్టిన పిల్లలు.

1939 నాటికి పట్టణంలో సుమారు 12 వేల మంది యూదులుండేవారు. పదిమందిలో నలుగురికి పైగా అన్నమాట. పోలండ్‌ను ఆక్రమించిన నాజీ జర్మన్లు 1942 ఏప్రిల్‌లో వాళ్లను బెవ్‌జెత్స్ మరణ శిబిరానికి తరలించడం మొదలుపెట్టారు. శిబిరం పట్టణానికి 50 కిలోమీటర్ల లోపే ఉంది. ఆ ఏడాది ముగిసేసరికి, మూడున్నర శతాబ్దాలు పట్టణంలో బతికిన ఆ సమాజం ఇక లేదు.

అప్పుడు జమోష్చ్‌కు రెండో ప్రణాళిక వచ్చింది. దీన్ని గీసింది బెర్లిన్‌లో. నాజీ ఎస్‌ఎస్ అధిపతి హిమ్లర్ కార్యాలయంలో కోన్రాడ్ మేయర్ అనే వ్యవసాయ శాస్త్ర ప్రొఫెసర్ నడిపిన బృందం, తూర్పు యూరప్ నేలను జర్మన్ల కోసం కొత్తగా అమర్చే పటాలు తయారుచేసింది. పట్టణాలు ఎంతెంత దూరంలో, ఏ పరిమాణంలో ఉండాలో శాస్త్రంగా చెప్పిన భూగోళ పండితుడు వాల్టర్ క్రిస్టాలర్ ఆ కార్యాలయంలోనే పనిచేశాడు. ఆయన 1933లో రాసిన ‘కేంద్ర స్థల సిద్ధాంతం’ ఇప్పటికీ మన దేశంలో భూగోళశాస్త్రం, నగర ప్రణాళిక తరగతుల్లో చెబుతారు. ఆ సిద్ధాంతపు షడ్భుజుల బొమ్మ గీసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాళ్లు మనలో ఎందరో ఉంటారు. ఆ బొమ్మ ఎవరి చేతుల్లో ఎక్కడికి వెళ్లిందో కూడా అదే తరగతిలో చెప్పాలి.

1942 నవంబరులో జమోష్చ్ ప్రాంతాన్ని, ఆక్రమిత పోలండ్‌లోని ఆ భాగంలో మొదటి జర్మన్ వలస మండలంగా హిమ్లర్ ప్రకటించాడు. పట్టణానికి తన పేరే పెట్టాలన్న ఆలోచన కూడా నడిచింది: హిమ్లర్‌ష్టాట్. నవంబరు 27 అర్ధరాత్రి దాటాక స్కెర్బ్యేషూవ్ అనే పల్లెతో ఖాళీ చేయించడం మొదలుపెట్టారు. తలుపులు బాది, కొద్ది నిమిషాల గడువిచ్చి, జనాన్ని బయటికి ఈడ్చారు. 1943 వేసవి దాకా సాగిన ఈ కార్యక్రమంలో దాదాపు 300 పల్లెల నుంచి సుమారు 1,10,000 మందిని వెళ్లగొట్టారు. వాళ్లలో దాదాపు 30 వేల మంది పిల్లలు. తల్లుల నుంచి విడదీసిన పిల్లల్ని చలికాలంలో పశువుల పెట్టెల్లో రైళ్లెక్కించారు. ఆ రైళ్లు ఆగిన చోట వార్సా వాసులు కొందరు పిల్లల్ని బయటికి తెచ్చి ఇళ్లల్లో దాచుకున్నారు. పల్లెల్లో రైతులు ఆయుధాలు పట్టి అడవుల్లోకి వెళ్లారు.

ఖాళీ అయిన ఇళ్లలోకి జర్మన్ కుటుంబాలను దింపారు. అలా స్కెర్బ్యేషూవ్‌లో దించిన, బెస్సరేబియా నుంచి వచ్చిన ఒక కుటుంబానికి 1943 ఫిబ్రవరిలో మగపిల్లవాడు పుట్టాడు. పేరు హోర్స్ట్ కోలర్. 2004లో జర్మనీ అధ్యక్షుడయ్యాడు. పుట్టిన పసివాడి తప్పేమీ లేదు. కానీ ఒక పటం మీద గీసిన గీత ఎవరి ఇంట్లో ఎవరి ఊయల కట్టిస్తుందో ఆ ఒక్క పుట్టుక చెబుతుంది.

పాత పట్టణానికి దక్షిణాన రొటుండా అనే గుండ్రటి ఇటుక కట్టడం ఉంది. 1820ల చివర్లో ఫిరంగుల కోసం కట్టిన ఆ కట్టడాన్ని జర్మన్ పోలీసులు చెరసాలగా, వధ్యస్థలంగా వాడుకున్నారు. అక్కడ సుమారు 8 వేల మంది చనిపోయారు. ఇప్పుడది స్మారకం, చుట్టూ శ్మశానం. చౌక్‌లోని రంగుల ఇళ్లకు అక్కడి నుంచి నడక దూరమే.

జమోష్చ్‌ను 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అది న్యాయమైన గౌరవం. అయితే వారసత్వం అనే మాటకు గోడలూ కమానులూ మాత్రమే సరిపోవు. 17వ శతాబ్దం మొదట్లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరం సంగతే చూడండి. ఆక్రమణ కాలంలో దాన్ని వడ్రంగి పనిశాలగా మార్చారు. యుద్ధం తర్వాత చాలాకాలం గ్రంథాలయంగా ఉంది. పోలండ్‌లోని యూదు వారసత్వ పరిరక్షణ సంస్థ దాన్ని బాగుచేయించి 2011లో మళ్లీ తెరిచింది. లోకప్పు మీద సున్నపు పూల పని తిరిగి మెరుస్తోంది. ప్రార్థనకు వచ్చే స్థానిక సమాజమే లేదు. అది ఉన్న వీధికి పెరెత్స్ పేరు పెట్టారు. మంచి పని చేశారు.

రోజా లక్సెంబర్గ్ విషయంలో అంత మంచి జరగలేదు. ఆమె పుట్టిన ఇల్లుగా చెప్పే భవనం మీది ఫలకాన్ని 2018లో, కమ్యూనిస్టు గుర్తులు తొలగించే చట్టం కింద తీసేశారు. ఆమె రాజకీయాలు నచ్చకపోవచ్చు. పోలండ్ స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకిస్తూ ఆమె అన్న మాటలు అక్కడివాళ్లకు నొప్పి కలిగించి ఉండవచ్చు. కానీ ఆమె ఆ ఊరి బిడ్డ అన్నది రాజకీయం కాదు, జనన వివరం. మనుషుల్ని చెరిపివేయడం ఏమిటో ఇంత దగ్గరగా చూసిన పట్టణంలో ఆ ఒక్క పేరు గోడ మీద ఉండటమే సబబు. ఆ ఫలకాన్ని తిరిగి పెట్టాలి.

యూరప్‌లో ఉన్న తెలుగు పిల్లలు సెలవుల్లో వార్సా, క్రాకోవ్ చూసి వెనక్కి తిరుగుతుంటారు. ఇంకో రోజు కలుపుకోండి. లుబ్లిన్ మీదుగా బస్సులో జమోష్చ్ చేరుకోవచ్చు. పొద్దున పెద్ద సంతలో, వసారాల్లో, ఆర్మేనియన్ల ఇళ్ల ముందు గడపండి. మధ్యాహ్నం పెరెత్స్ వీధిలోని ప్రార్థనా మందిరానికీ, అక్కణ్ణుంచి రొటుండాకూ తప్పకుండా వెళ్లండి. ఆ రెండూ చూడకపోతే జమోష్చ్‌ను సగమే చూసినట్టు.