చుక్క ఎక్కడి దాకా వెళ్తుంది?

ఎండాకాలం వచ్చిందంటే మొయినాబాద్ ఫామ్‌హౌస్‌ల ఈతకొలనుల్లో పట్నం పిల్లలు, చేవెళ్ల చుట్టుపక్కల బావుల్లో ఊరి పిల్లలు నీళ్లు వదలరు. ఆ వెనకే చెవిపోటు మొదలవుతుంది. వానలు పడ్డాక జలుబులు వస్తాయి, వాటి వెంట మరో రకం చెవిపోటు. రెండింటికీ మందుల షాపులో అడిగే మాట ఒక్కటే: "చెవిల ఏసే చుక్కలియ్యండ్రి." చెవి డాక్టరుగా నేను మాత్రం ముందు వేరే సంగతి తేల్చుకోవాలి. ఈ చుక్క జబ్బున్న చోటికి చేరుతుందా?

పెద్దవాళ్లలో చెవి రంధ్రం దాదాపు రెండున్నర సెంటీమీటర్ల లోతు ఉంటుంది. దాని చివర కర్ణభేరి, పలుచని పొర. ఇవతల ఉన్నది బయటి చెవి, అవతలిది మధ్య చెవి. పొర బాగున్నంత కాలం చుక్క దాన్ని దాటి పోలేదు.

ఈతతో వచ్చేది ఎక్కువగా బయటి చెవి జబ్బు. నానిన చర్మంలో బ్యాక్టీరియా చేరుతుంది. రంధ్రం ముందుండే చిన్న బుడిపెను నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి. ఇక్కడ యాంటీబయాటిక్ చుక్కలే అసలు మందు. 0.3 శాతం సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కల్లో మిల్లీలీటరుకు 3,000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. అదే మందు 500 మిల్లీగ్రాముల మాత్రగా మింగితే రక్తంలో చేరేది మిల్లీలీటరుకు రెండు మూడు మైక్రోగ్రాములే. అందుకే ఈ జబ్బుకు చాలామందికి మాత్రలు అక్కర్లేదు. వాపుతో రంధ్రం మూసుకుపోతే మాత్రం చుక్క లోపలికి దిగదు, డాక్టరు చిన్న వత్తి పెట్టాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు రాత్రిళ్లు నిద్రపట్టనంత నొప్పి ఉంటే చుక్కలతో సరిపెట్టుకోకూడదు. జబ్బు ఎముకకు పాకుతూ ఉండవచ్చు.

జలుబు వెంట వచ్చేది మధ్య చెవి జబ్బు. పొర ఎర్రబడి ఉబ్బుతుంది కానీ చిల్లు ఉండదు. యాంటీబయాటిక్ చుక్కలు ఇక్కడ వృథా. బిడ్డకు ముందు కావలసింది బరువును బట్టి పారాసెటమాల్. రెండేళ్లు దాటి, ఒకే చెవికి, తక్కువ నొప్పి ఉంటే రెండు మూడు రోజులు డాక్టరు కనిపెట్టి చూడవచ్చు, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఆరు నెలల లోపు పసివాళ్లకు, జ్వరం, నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లకు నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వాలి.

చిల్లు పడి చెవి కారుతుంటే లెక్క మళ్లీ మారుతుంది. చుక్కకు దారి దొరికింది. చీము రెండు వారాలు దాటి కారుతుంటే చెవిని శుభ్రమైన వత్తితో ఆరబెట్టి, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి క్వినోలోన్ చుక్కలు వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిల్లులాగే చుక్కకు దారిచ్చే చిన్న గొట్టం పొరలో అమర్చిన పిల్లలకు చెవి కారితే ఏం చేయాలో నెదర్లాండ్స్‌లో 230 మందిపై పరీక్షించి 2014లో ఫలితం ప్రకటించారు. రెండు వారాల తర్వాత కూడా కారుతున్నవాళ్లు యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేసినవారిలో 5 శాతం, నోటి మందు వాడినవారిలో 44 శాతం, ఏమీ ఇవ్వనివారిలో 55 శాతం.

అయితే దారి తెరుచుకున్నప్పుడు మందు ఎంపికలో జాగ్రత్త కావాలి. జెంటమైసిన్, నియోమైసిన్ లాంటివి చిల్లు గుండా లోపలికి పోతే వినికిడికి చేటు. దుకాణాల్లో తేలిగ్గా దొరికే కొన్ని సీసాల్లో యాంటీబయాటిక్, బూజు మందు, స్టెరాయిడ్, మొద్దుబార్చే మందు నాలుగూ కలిపి ఉంటాయి. నొప్పి వెంటనే తగ్గేది ఆ మొద్దుబార్చే మందు వల్ల. జబ్బే తగ్గిందనుకుంటాం. బూజు పట్టి దురద పెడుతున్న చెవిలో ఉత్త యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే బూజు ఇంకా పెరుగుతుంది. ఎల్లిగడ్డ వేసి కాచిన నూనె ఏ చెవిలోనూ పోయొద్దు.

చుక్కలు వేయడానికీ ఒక పద్ధతి ఉంది. సీసాను గుప్పిట్లో కాసేపు పట్టుకుని గోరువెచ్చగా చేయండి, చల్లటి చుక్క పడితే కళ్లు తిరుగుతాయి. పక్కకు పడుకోబెట్టి, పెద్దవాళ్లకు చెవి డొప్పను పైకీ వెనక్కీ, మూడేళ్ల లోపు పిల్లలకు కిందికీ వెనక్కీ లాగి చుక్కలు వేయండి. ముందున్న బుడిపెను మెల్లగా నాలుగైదుసార్లు నొక్కి, ఐదు నిమిషాలు అలాగే ఉంచండి. నొప్పి తగ్గిందని మధ్యలో మానొద్దు.

చెవి కారుడు ఏళ్ల తరబడి ఉంటే అలవాటైపోతుంది. తరగతిలో పాఠం సగమే వినబడే పిల్లవాడిని మొద్దని అనేస్తారు. ఇది నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది. చేవెళ్లలో, మొయినాబాద్ దగ్గర మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. చీటీ తీసుకునే ముందు డాక్టరును అడగండి: "పొర బాగుందా, చిల్లు పడిందా?" లోపలికి వెలుతురు వేసి చూసినవారే ఆ జవాబు చెప్పగలరు. చుక్కల సంగతి ఆ తర్వాత.