గరిటె పట్టిన కోపం

అమెరికన్ కళాకారిణి మార్తా రాస్లర్ 1975లో తీసిన ఆరు నిమిషాల వీడియో ‘సెమియాటిక్స్ ఆఫ్ ది కిచెన్’. పేరు భయపెడుతుంది గానీ, జరిగేది వంటింట్లోనే. ఏప్రన్ కట్టుకుని, ‘ఎ’ నుంచి వరసగా ఒక్కో అక్షరానికీ ఒక్కో సామాను పేరు చెప్పి, వాడి చూపిస్తుంది. వంటపాఠం కాబోలనుకుంటాం. తీరా చూస్తే ఫోర్కుతో గాలిని పొడుస్తుంది, గరిటెతో లేని పులుసు తీసి విసిరేస్తుంది! మొహంలో ఏమీ కనపడదు, కోపమంతా మణికట్టులోనే. చివరి అక్షరాలకి సామాను పేర్లు మానేసి, కత్తీ ఫోర్కూ పట్టిన చేతులు చాచి తానే అక్షరమై నిలబడుతుంది. నాకు ఒళ్లు జలదరించింది అక్కడే. ఒక్కటే లోటు. పొయ్యి మీద ఏదీ ఉడకదు, అన్నం పెట్టమని ఎవరూ కేకెయ్యరు. అంత ఏకాంతంగా కోప్పడే వీలు ఏ వంటింట్లో ఉందండీ? ఆఖర్న భుజాలెగరేసి ఊరుకుంటుందే, అది మాత్రం ఎరిగున్నదే.